ముందు చక్రాల మీద నేను తుడిచిన అంకె

ఆ కారుకు టైర్లు ఎక్కించింది మా బావ కాదు, నేను. నాందేడ్‌లో టైర్ల పని తెలిసినవాళ్లంతా ఎనిమిదేళ్లుగా దీన్ని తలకిందులుగా చెప్పుకుంటున్నారు. అలా చెప్పుకోవడానికి కారణం నేనే. కింద రాయబోయేదంతా రాసే ధైర్యం నాకు చాలుతుందో లేదో తెలియదు కాబట్టి అసలు మాట ముందే రాసిపెడుతున్నాను.

బావ అంటే మా అక్క భర్త. మా రెండు కుటుంబాలదీ ఉమ్రి దగ్గరి ఒకటే పల్లె. గుంట భూమి లేని ఇళ్లు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పని ఎక్కడ దొరికితే అక్కడి మాట. బావ పత్తి ఏరే కూలి మానేసి నాందేడ్ వచ్చి, లారీలు ఆగే చోట పంక్చర్ల పని నేర్చుకున్నాడు. తరువాత సొంతంగా ఒక రేకుల షెడ్డు వేసుకున్నాడు. నేను పదో తరగతి తప్పాక నన్నూ అక్కడికే తెచ్చుకున్నాడు.

అతని పనిలో ఒక పద్ధతి ఉండేది. టైరు ఎక్కించి, గాలి నింపి, వాల్వు మీద ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూసి, చివరికి చెవి మీది చాక్‌పీసు తీసి వాల్వు పక్కన గాలి ఎంతో రాసేవాడు. అతను బడికి పోయింది రెండేళ్లే, అదీ మరాఠీ బడికి. అందుకని అంకెలు మరాఠీవే. నాలుగుకు తోక కొంచెం పొడుగ్గా లాగేవాడు. ఔరంగాబాద్ నుంచి వచ్చే లారీ డ్రైవర్లు కూడా ఆ తోక చూసి ఇది ఫలానా షెడ్డులో చేసిన పని అని పోల్చుకునేవారు.

"రాసినంక ఆ గాలి జిమ్మెదారి నాది. రాయని చక్రం మన షెడ్డు దాటొద్దు," అనేవాడు.

టైర్లు విప్పే మిషను, అద్దాల తలుపు, కార్ల షోకు పని ఇవన్నీ నేను తెచ్చినవి. ఫోన్లలో బొమ్మలు చూసి కుర్రవాళ్లు వచ్చేవాళ్లు. కారు నేలకు ఆనినట్టు కిందికి దిగాలి, రిమ్ములు వెడల్పుగా ఉండాలి, వాటి మీద సన్నని టైరును సాగదీసి ఎక్కించాలి. అలా ఎక్కిస్తే టైరు గోడలు లోపలికి వాలి, చక్రం మడ్‌గార్డు రెక్క కిందికి దూరి, కారు ఒంగి పరుగుకు సిద్ధమైనట్టు కనిపిస్తుంది. చూడటానికి బాగుంటుంది. బాగుంటుందని ఈరోజుకూ అంటాను.

ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు తెచ్చినతను బట్టల దుకాణం యజమాని. ముప్పై దాటినవాడే. వాళ్లది ముద్‌ఖేడ్ వైపు వ్యవసాయ కుటుంబం, వాళ్ల ఇంట్లోనూ మా తెలుగే. పుణెలో ఎవరో వాడిన రెండు తలుపుల కారు కొని, దాన్ని పసిపిల్లలా తుడుచుకుంటూ తెచ్చాడు.

"అన్న, చక్రానికి రెక్కకు నడుమ ఏలు గుడ దూరొద్దు. గట్ల దించాలె," అన్నాడు నాతో.

లారీ చక్రం దగ్గర కూర్చున్న బావ తల ఎత్తాడు. "ఏలు దూరకుంటే గుంతల పడ్డప్పుడు చక్రం ఏడికి పోవాలె? నీ నెత్తి మీదికా?"

"కాకా, ఇది ట్రాక్టర్ కాదే."

"ట్రాక్టరైతే నేను గింత భయపడుదునా? గా ఎడల్పు రిమ్ముకు గీ సన్నటి టైరు ఎట్లుంటదో ఎర్కేనా? మామకు అల్లుని అంగీ తొడిగినట్టు. గుండీలైతే పడ్తయ్. ఊపిరి పీలిస్తే తెగుతయ్."

అతను నవ్వాడు, నేనూ నవ్వాను. బావ నవ్వలేదు.

"అండ్ల ఎంతమంది కూసుంటరు?"

"నేనొక్కన్నే కాకా. షోకు బండి."

"మన దిక్కు ఒక్కడు కూసునే కారు యాడున్నది బిడ్డా? నువ్వు తాళంచెవి పట్టుకుంటే సాలు, అమ్మ, అక్క, మేనత్త, అందరు చెప్పులేసుకుంటరు. నేనైతే ఎక్కియ్య."

అతను మొహం చిన్నబుచ్చుకుని బయటికి నడిచాడు. నేను వెనకాలే పోయి, కారు దగ్గర అతని భుజం మీద చెయ్యి వేసి అన్నాను: "ముసలోని కోపం ఎంతసేపు? నేను ఒప్పిస్త. నీ టైర్లు బావ చేతితోనే ఎక్కుతయ్, సరేనా?"

నేను చెప్పిన మొదటి అబద్ధం ఇది. పని పోగొట్టుకోవడం ఇష్టం లేక బావ పేరు వాడుకున్నాను. ఊళ్లో నా చేతికి లేని నమ్మకం ఆ పేరుకు ఉండేది.

నాలుగు రోజుల తరువాత మా పల్లెలో ఒక పెళ్లికి బావ, అక్క వెళ్లారు. ఆ రెండు రోజుల్లో నేను కారును ఎత్తి నిలబెట్టి, ఉన్న స్ప్రింగులు తీసి పొట్టివి వేశాను. సన్నని టైరు వెడల్పు రిమ్ము మీద మామూలుగా కూర్చోదు. ట్రాక్టరు టైరు మొండికేసినప్పుడు చేసే కిటుకు ఒకటి బావే నాకు నేర్పాడు. లోపల కొంచెం పెట్రోలు చల్లి నిప్పు చూపిస్తే, ఢామ్మని చప్పుడుతో టైరు అంచు ఎగిరి రిమ్ము పట్టుకుంటుంది. నాలుగుసార్లు ఢామ్మంది. కారును దించి, రెక్క కింద వేలు పెట్టి చూశాను. దూరలేదు. చాలా సంతోషపడ్డాను.

ఆ వేలు పెట్టి చూసింది ఖాళీ కారుకు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తక్కువే. మా వైపు కారు అంటే జనం. పెళ్లికి, ఆసుపత్రికి, ఎవరో పోయారంటే చూడటానికి, ఇద్దరి చోట నలుగురు కూర్చోకుండా కారు కదలదు. అది తెలిసి పుట్టినవాణ్ని నేను. అయినా కారు ఎత్తు ఖాళీగా ఉన్నప్పుడు కొలిచాను.

లాభం లేదని అనను. దింపిన కారు మలుపులో పక్కకు ఒరగదు. సాగిన టైరు గోడలు బిర్రుగా ఉండి, స్టీరింగ్ ఇలా తిప్పితే అలా తిరుగుతుంది. నేను నడిపి చూశాను, నిజంగానే హాయిగా ఉంది. దానికి బదులు పోయేవి చాలా ఉన్నాయి. గుంత దెబ్బను తినడానికి రబ్బరు మిగలదు, దెబ్బ రిమ్ముకు, రిమ్ము నుంచి నడుముకు పోతుంది. టైరు లోపలి అంచు ముందే అరుగుతుంది. పల్లెల వాళ్లు తమ ఇళ్ల ముందు తామే పోసుకున్న స్పీడుబ్రేకర్లకు కారు పొట్ట గీసుకుంటుంది. వీటన్నిటికన్నా ముఖ్యం గాలి. సాగదీసిన టైరు అంచు రిమ్మును పట్టుకుని ఉండేది గాలి బలంతోనే. గాలి తగ్గితే పట్టు జారుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు.

పెళ్లి నుంచి వచ్చిన బావ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. కారతను మాత్రం గంతులేస్తూ వచ్చాడు.

"కాకా, నీ చేతి పని చూసి హైదరాబాదోళ్లు అడుగుతున్నరే! ఒట్టిగనే ఎక్కియ్య ఎక్కియ్య అని నన్ను భయపెట్టినవ్."

బావ నా వైపు ఒకసారి చూశాడు. వంగి, ఎయిర్ గొట్టం లాగి, నాలుగు చక్రాలకూ గాలి పట్టాడు. నలభై రెండు. చాక్‌పీసు తీసి నాలుగింటి మీదా రాశాడు.

"కాకా, నా బండికి బొట్టు పెడుతున్నవా?"

"బొట్టే అనుకో. చెరగనియ్యకు. ప్రతి సోమవారం వచ్చి చూపియ్యి. గాలి దిగిందో, చక్రం నిన్నిడిచి పోతది."

అతను వెళ్లాక బావ నాతో అన్న మాట: "నా పేరు గుడ అమ్ముకున్నవా?"

నేను ఏదో గొణిగాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "విప్పుమంటే విప్పవు, వాడు విప్పనియ్యడు. ఇగ దానికి గాలొక్కటే దిక్కు. అదన్న నేను చూస్కుంట."

సోమవారాలు నాలుగు నెలలు గడిచాయి. అతను రావడం, బావ గాలి చూడటం, అంకె దిద్దడం. ఆ కారు మీద బావ చేసిన పని అంతే. చక్రానికి కాపలా కాశాడు.

ఆ రోజు శుక్రవారం. బావ అన్నానికి ఇంటికి వెళ్లాడు. ఆకుపచ్చ కారు వచ్చి ఆగింది. ముందు సీట్లో అతని తల్లి, వెనక అతని అక్క, ఆమె ఇద్దరు పిల్లలు, వాళ్ల ఒళ్లో ఒక స్టీలు డబ్బా, బట్టల మూట. ఉమ్రిలో ఎవరింట్లోనో పసిబిడ్డ తొట్టెల పండుగ ఉందట. బావ చెప్పినట్టే అందరూ చెప్పులేసుకున్నారు. వెనక చక్రాలు రెక్కల్లోకి ఎంత దిగిపోయాయో నేను చూశాను. చూశానని గట్టిగా చెప్తున్నాను.

"బిడ్డా," అంది ఆ తల్లి కిటికీలోంచి, "లక్షలు పోసి ఏం కారు కొన్నడో! ఎడ్లబండి నయం. ఇంటికాడి నుంచి ఈడికొచ్చేసరికి నా నడుము రెండు తుంటలైంది."

"అన్న, ఏదన్న చెయ్యరాదు? ఉమ్రి దాంక తిడుతనే ఉంటది," అన్నాడు అతను. పిల్లలకు మంచినీళ్లు కొనడానికి రోడ్డు దాటాడు.

నేను ముందు చక్రం దగ్గర కూర్చుని వాల్వు నొక్కాను. గాలి బుసకొట్టింది. ఇరవై ఎనిమిది దగ్గర ఆపాను. రెండో వైపూ అంతే. వాల్వు పక్కన నలభై రెండు అని బావ రాత అలాగే ఉంది. జేబులోని తడిగుడ్డ తీసి దాన్ని తుడిచేశాను, రెండు చక్రాల మీదా.

ఎందుకు తుడిచానని నన్ను నేను ఇన్నేళ్లు అడిగాను. ఉన్న గాలి ఒకటి, రాసి ఉన్నది ఒకటి కాకూడదని తుడిచానని కొన్నాళ్లు చెప్పుకున్నాను. అది నిజమైతే ఇరవై ఎనిమిది అని రాసి ఉండాలి. అది నా చేతి రాతలో ఉండేది, నా జిమ్మెదారి అయ్యేది. నేను రాయలేదు. బావ వచ్చేలోపు వాళ్లు వెళ్లిపోతే చాలనుకున్నాను, అంతే.

ఆ తల్లి సీట్లో అటూ ఇటూ కదిలి చూసింది. కారు నిలబడి ఉండగా ఏం తెలుస్తుంది? అయినా, "ఇప్పుడు మెత్తగున్నది. సల్లగుండు బిడ్డా," అంది.

నీళ్ల సీసాలతో వచ్చిన అతను, "ఏం చేసినవ్ అన్న?" అని అడిగాడు.

"సెట్ చేసిన, నువ్వు పో," అన్నాను.

ముద్‌ఖేడ్ దాటాక ఒక మలుపులో, గుంత పక్కన, ఎడమవైపు ముందు టైరు రిమ్మును విడిచిపెట్టింది. కారు కల్వర్టు గోడను కొట్టుకుని పొలంలో పడింది. అతని అక్క, పిల్లలు దెబ్బలతో బయటపడ్డారు. అతని మోచెయ్యి విరిగింది, దాన్ని ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. తల్లి ఆసుపత్రికి చేరలేదు.

మర్నాడు పంచనామాకు మమ్మల్ని పిలిచారు. కారును లాక్కొచ్చి ఒక ఆవరణలో పెట్టారు. పంచులుగా, అంటే సాక్షులుగా, పిలిచిన ఇద్దరిలో ఒకతను మా లాగే టైర్ల షాపు నడిపేవాడు. హవల్దారు ఒంగి చూస్తూ, "టాయర్ కోణీ బసవ్‌లే?" అన్నాడు. టైర్లు ఎవరు ఎక్కించారని.

ఆ షాపతను వెనక చక్రం దగ్గర కూర్చుని వేలు పెట్టి చూపించాడు. "ఎవరేంది సార్, గీ నాలుగు తోక సూడుండ్రి. నాందేడ్‌ల గీ తోక ఒక్కనిదే." తరువాత ముందుకు వచ్చి అన్నాడు, "ఎన్క రెండిటికి రాసిండు, ముంగట రెండిటికి గాలి చూసుడే మర్శిండు. ముసలితనం."

హవల్దారు నన్ను అడిగాడు. బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"టైర్ల పని అంతా బావదే," అన్నాను.

బావ ముందు చక్రం దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. రిమ్ము నిండా మట్టి, కానీ వాల్వు పక్కన అరచేతి వెడల్పున గుడ్డ తిరిగిన గుర్తు ఉంది. దాని మీద వేళ్లు పెట్టాడు. అక్కడినుంచే తల తిప్పి చూశాడు, నా మొహం వైపు కాదు, నా చేతుల వైపు.

"నేను రాసిన సార్," అన్నాడు.

"రాస్తే ఏదీ?" అన్నాడు హవల్దారు.

బావ లేచి, మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకున్నాడు. నా పేరు బయటపెట్టలేదు. అప్పుడు నా పిల్లలు చిన్నవాళ్లు. వాళ్ల కోసమా, తన భార్య తమ్ముణ్నని అక్క కోసమా, చెప్పినా ఎవరూ నమ్మరనా? నేను అడగలేదు. అడిగితే ఒప్పుకున్నట్టు అవుతుందని భయం.

కేసులో తప్పంతా కారు వేగం మీద పడి, అది సాగి సాగి ఎటూ తేలకుండా పోయింది. ఊరి తీర్పు మాత్రం ఆ ఆవరణలోనే అయిపోయింది. బావ అంకె రాసిన చక్రాలకు లారీవాళ్లు వేరే చోట మళ్లీ గాలి పట్టించుకోవడం మొదలుపెట్టారు. కొందరు మొహం మీదే అన్నారు, "కాకా, అద్దాలు పెట్టుకో." నెల తిరక్కుండానే అక్క, బావ సామాను సర్దుకుని పల్లెకు వెళ్లిపోయారు. యాభై ఐదేళ్ల వయసులో బావ మళ్లీ పత్తి ఏరే కూలికి వెళ్లాడు.

నేను షోకు పని ఆరు నెలలు ఆపాను. తరువాత మళ్లీ మొదలుపెట్టి రెండేళ్లు చేశాను. ఇదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పోయిన వానాకాలంలో బావ చనిపోయాడు. దినాల నాడు పందిరి కింద జనం భోజనాలకు కూర్చున్నారు. నేను పప్పు బకెట్టుతో వరసలో తిరుగుతున్నాను. ఆకుపచ్చ కారతను వచ్చాడు. వస్తాడని ఎవరమూ అనుకోలేదు. చాపలేని చేతిని ఒంటికి ఆనించుకుని అక్క ముందు కూర్చున్నాడు.

"అత్తా, కాకా మీద నాకు ఏం కోపం లేదు. వయసు మీద పడ్డంక మనిషి మర్శిపోతడు. నేను ఎప్పుడో మాఫ్ చేసిన. నువ్వు మనసుల పెట్టుకోకు."

అక్క రెండు చేతులూ జోడించి అతనికి దండం పెట్టింది. "నీ కడుపు సల్లగుండ కొడుకా. మా వల్ల నీ తల్లి పోయింది," అని ఏడ్చింది.

నా చేతిలో బకెట్టు ఉంది. పక్క విస్తరిలో ఎవరో, "ఓ, ఇటు పొయ్యి," అన్నారు. పోశాను.

పదిహేను రోజులు మాత్రమే ఓర్చుకోగలిగాను. ముందు అతని బట్టల దుకాణానికి వెళ్లాను. గిరాకీ లేని మధ్యాహ్నం చూసి, అంతా చెప్పాను. టైర్లు, గాలి, గుడ్డ. అతను చీర మడత పెడుతున్నవాడల్లా ఆగాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"మెత్తగున్నదని మా అమ్మ నిన్ను దీవిచ్చిందా?" అన్నాడు. రోడ్డు అవతల ఉన్న అతనికి ఆ మాట అప్పుడు వినపడలేదు.

"దీవిచ్చింది."

మళ్లీ అన్నాడు: "ఆ అత్తతోని నేను దండం పెట్టిచ్చుకున్న. తెల్వదు నాకు. నువ్వు పప్పు పోస్కుంట చూసినవ్." మడత సగంలో ఉన్న చీరను పక్కకు పెట్టాడు. "ఆమెకు చెప్పినవా? పో. ఆమెకు చెప్పు పో. ఇంక ఈడికి రాకు."

మర్నాడు పొద్దున బస్సెక్కి పల్లెకు వెళ్లాను. అక్క వాకిట్లో చాటలో కందులు చెరుగుతోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే మాట రాదని. ఆమె చెరగడం ఆపలేదు. చివరికి వచ్చేసరికి చాటలో కందులు లేవు, ఉత్త చాట ఎగరేస్తోంది.

"గియ్యాల చెప్తున్నవా?" అంది. "ఆయన పోయినంక?"

ఉత్త చాటను నేల మీద పెట్టింది.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. ధాన్యం గుమ్మి వెనకనుంచి ఏదో జరుపుతున్న చప్పుడు. గోనెసంచిలో చుట్టిన సైకిలు పంపు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఈడికొచ్చిన కొత్తల, పొలానికి పోనీకె సైకిలుకు గాలి కొట్టుకుంట అన్నడు ఆయన. నేను పంపు గుంజుకున్న తమ్మీ. ఒకల్ల తల్లిని సంపింది సాలదా, ఇంక నీ చేతితోని గాలి ముట్టకు అన్న. దాన్ని దాసిపెట్టిన. ఎనిమిదేండ్లు నడుసుకుంటనే పోయిండు, నడుసుకుంటనే వచ్చిండు. ఒక్కపారి గుడ అడుగలె, పంపు యాడున్నదని."

తరువాత అంది, "నువ్వు మా ఇద్దరికే చెప్పినవ్. ఆయనను అన్నోళ్లు ఇద్దరే కాదు. అందరికెట్ల తెల్వాలె?"

అందుకని ఇది రాస్తున్నాను.

ఆ రోజు గోడకు ఆనించిన బావ సైకిలు టైర్లు నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక నేను పంపు తీసుకుని దాని దగ్గర కూర్చున్నాను. గొట్టం తగిలించి కొట్టాను. ఎనిమిదేళ్లలో లోపలి తోలు ఎండి బిగుసుకుపోయింది. చెయ్యి పైకీ కిందికీ పోతోంది గానీ గాలి రావడం లేదు. అయినా కొడుతూనే ఉన్నాను.

"ఇడిచిపెట్టు," అంది అక్క వెనకనుంచి. "ఇప్పుడెవరు తొక్కుతరు."